పూర్వపక్షం వినని సిద్ధాంతం: మోత్కూరు దేవదత్తుని ఒక దినం

శాస్త్రగ్రంథాలలో ఉదాహరణకు నిలిచే పురుషునికి దేవదత్తుడని పేరు. ఈ దేవదత్తుడు మోత్కూరు వాడు. కళాశాల విద్యార్థి. నిత్యార్చన, గీతాపారాయణం, సెలవు దినాలలో తర్కసంగ్రహ పఠనం అతని నియమాలు. ఒకనాడు తెల్లవారుజామున బస్సెక్కి, భువనగిరి మీదుగా హైదరాబాదు చేరి, మధ్యయుగపు ఇస్లామిక తత్త్వశాస్త్రంపై ఒక ఉపన్యాసం విని, చీకటి పడిన తరువాత ఇల్లు చేరాడు. అతడు చేసిన పని ఇంతే. దానిపై బంధువర్గంలోనూ సత్సంగంలోనూ పుట్టిన ఆక్షేపాలకు మాత్రం అంతు లేదు.

ఇటువంటి దేవదత్తులు నేడు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఆక్షేపకులూ ఉన్నారు. కనుక ఆ ఆక్షేపాలను కోపంతో కాక, శాస్త్రరీతిలో పరీక్షించడం అవసరం.

ఆక్షేపాలు

మొదటి ఆక్షేపం: స్వశాస్త్రమే పూర్తిగా తెలియనివానికి పరశాస్త్రశ్రవణం దేనికి? రెండవది: గీత తృతీయాధ్యాయంలో భగవానుడు పరధర్మాన్ని గూర్చి స్పష్టంగా హెచ్చరించాడు కదా. మూడవది: నల్లగొండ సీమ రజాకార్ల దౌర్జన్యాన్ని చవిచూసిన నేల, ఆ గాయం మరచి వారి మతతత్త్వాన్ని వినడం పితృద్రోహం కాదా? నాలుగవది మిత్రవేషంలో వచ్చే ఆక్షేపం: అన్ని మతాల సారమూ ఒక్కటే అయినప్పుడు ప్రత్యేకంగా వెళ్ళి వినవలసినది ఏమున్నది?

మొదటి మూడింటిని పలికేవారు తాము సంప్రదాయరక్షకులమని భావిస్తారు. నాలుగవదానిని పలికేవారు తాము ఉదారులమని భావిస్తారు. ఫలితంలో మాత్రం ఇరువురికీ భేదం లేదు. ఇరువురూ వినకుండానే తీర్పు చెప్పినవారే.

ప్రథమ ద్వితీయ ఆక్షేపాల పరిహారం

స్వశాస్త్రంలో ప్రవేశం లేనివాడు పరశాస్త్రంలో కొట్టుకొనిపోతాడన్న భయం నిరాధారం కాదు. క్రమం పాటించవలసినదే. కాని "పూర్తిగా తెలిసిన తరువాత" అన్న నియమం పెడితే ఆ దినం ఎవరికీ రాదు. పూర్వాచార్యులు అట్టి నియమం పెట్టుకోలేదు. కుమారిలభట్టు బౌద్ధుల వద్ద శిష్యుడై కూర్చుండి వారి సిద్ధాంతం నేర్చి, పిదప దానిని ఖండించాడని సంప్రదాయం చెబుతుంది. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యపు తర్కపాదంలో సాంఖ్యుని, వైశేషికుని, బౌద్ధుని, జైనుని ఒక్కొక్కరినీ నిలబెట్టి, వారి పక్షాన్ని వారి పరిభాషలోనే వినిపించి, ఆపైననే సమాధానమిచ్చారు. పద్నాలుగవ శతాబ్దంలో మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహం చార్వాకంతో ఆరంభమవుతుంది. ఈశ్వరుని, వేదాన్ని, పరలోకాన్ని నిరాకరించినవానికే గ్రంథంలో మొదటి పీట!

మోత్కూరుకు దూరం కాని కొలనుపాకలోనే దీనికి సాక్ష్యం కనిపిస్తుంది. అక్కడ జైనమందిరమూ, వీరశైవులు రేణుకాచార్యుని ఉద్భవస్థానంగా కొలిచే సోమేశ్వరాలయమూ ఒకే ఊరిలో ఉన్నవి. వాదం ఎరుగని నేల కాదిది.

ఇక గీతావాక్యం. అక్కడ ప్రసంగం అధ్యయనం కాదు, అనుష్ఠానం. స్వకర్తవ్యాన్ని విడిచి అన్యుని కర్తవ్యాన్ని ఆశ్రయింపజూచిన అర్జునునికి చేసిన ఉపదేశమది. ఒక సిద్ధాంతాన్ని వినడం దానిని అవలంబించడం కాదు. విషలక్షణాలు చదివిన వైద్యుడు విషం త్రాగినట్లు కాదు గదా!

తృతీయ ఆక్షేపం

ఈ ఆక్షేపాన్ని తేలికగా త్రోసివేయరాదు. 1947–48లో నల్లగొండ జిల్లా పల్లెలు అనుభవించినది కల్పన కాదు. దానిని మరువమని ఎవరూ అడుగరాదు. కాని హింసకు నేరవిచారణ, సిద్ధాంతానికి ప్రమాణవిచారణ. ఈ రెండింటినీ కలిపినవాడు రెండింటికీ అన్యాయం చేస్తాడు. రజాకారును నిందించినంత మాత్రాన ఇబ్న్ సీనా యుక్తి ఒక్కటీ ఖండింపబడదు. అంతేకాక, ఆ రజాకార్లను ధిక్కరించి వ్రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్. బాధ్యతను మతంపేరు చూచి పంచడం ఎంత అవివేకమో ఆ ఒక్క మరణమే చెబుతుంది.

పదకొండవ శతాబ్దపు అల్ బిరూనీ ఉదాహరణ కూడా స్మరణీయం. గజనీ మహమ్మదు దండయాత్రల కాలంలోనే అతడు సంస్కృతం నేర్చి, పతంజలి యోగసూత్రాలను అరబీలోనికి తెచ్చి, సుమారు 1030లో భారతీయశాస్త్రాలపై మహాగ్రంథం రచించాడు. మహమ్మదు ఈ దేశపు సంపదను నాశనం చేశాడనీ, అందువలననే హిందువులకు ముస్లిములపై విముఖత పెరిగిందనీ ఆ గ్రంథంలోనే వ్రాసుకొన్నాడు. హిందూ పండితులు అన్యదేశీయుల విద్యను లెక్కచేయరని ఫిర్యాదు కూడా చేశాడు. మొదటి మాట చదివి సంతోషించేవారు రెండవ మాటకు సమాధానం చెప్పవలసి ఉన్నది. 1657లో దారా షికోహ్ సుమారు 50 ఉపనిషత్తులను పారశీకంలోనికి అనువదింపజేశాడు. తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు షాజహాను ఆస్థానంలోనే ఉన్నాడు. ఐనప్పటికీ ఇబ్న్ సీనా యుక్తులను పూర్వపక్షంగా నిలిపి విచారించిన ప్రసిద్ధ సంస్కృతగ్రంథం ఒక్కటి పేర్కొనడం కష్టం. సర్వదర్శనసంగ్రహంలోనూ ఆ దర్శనానికి చోటు లేదు. గోల్కొండ ఏలుబడిలో తరాలు గడచినవి. పల్లెలలో హిందువులు పీర్లను ఎత్తుకొన్నారు, దర్గాలలో మొక్కుకొన్నారు. ఆచారపరిచయం కలిగింది. తత్త్వపరిచయం మాత్రం కలుగలేదు. కుమారిలుని వారసులమనుకొనేవారికి ఇది గర్వకారణం కాదు.

ఆనాటి శ్రవణం

దేవదత్తుడు ఆ దినం విన్నది ఏమిటి? మొదట ఇబ్న్ సీనా. జననం 980. లక్షణావళిని 984లో ముగించిన ఉదయనాచార్యునికి సమకాలికుడు. జగత్తులోని ప్రతి వస్తువూ ఉండవచ్చు, లేకపోవచ్చు. దాని స్వరూపంలో "ఉండటం" చేరి లేదు. కనుక దానికి సత్తను ఇచ్చేది మరొకటి కావాలి. ఇట్టి పరాధీనవస్తువుల పరంపర ఎంత దీర్ఘమైనా, స్వరూపతః తప్పక ఉండే ఒక వస్తువు లేనిదే అది నిలువదు. దానినే అతడు "వాజిబ్ అల్ వుజూద్" అన్నాడు.

ఇది వింటూనే వెనుక వరుసలో ఎవరో "ఇది అద్వైతమే" అని ఉంటారు. నాలుగవ ఆక్షేపానికి ఇక్కడే సమాధానం లభిస్తుంది. ఇది అద్వైతం కాదు. అద్వైతంలో కార్యజగత్తుకు కారణం కంటే వేరైన సత్త లేదు, అది మిథ్య. ఇబ్న్ సీనా మతంలో పరాధీనవస్తువు పరాధీనమే కాని సత్యమే. దీనికి సన్నిహితమైనది మధ్వాచార్యుల స్వతంత్ర–పరతంత్ర విభాగం. ఉదయనునితో పోల్చినా భేదం తేలుతుంది. ఉదయనుడు జగత్తు కార్యమనే హేతువుతో కర్తను సాధిస్తాడు. పరమాణువులు మాత్రం నిత్యాలు. ఇబ్న్ సీనాకు జగత్తు అనాదియైనా సరే, దాని సత్త మరొకరి దానమే. ఈ సూక్ష్మభేదాలన్నీ "అంతా ఒకటే" అన్న ఒక్క మాటతో కొట్టుకొనిపోతాయి. ఆ మాటలో ఔదార్యం కంటే ఆలస్యమే ఎక్కువ. ఇబ్న్ అరబీ అనుయాయుల "వహ్దత్ అల్ వుజూద్" విషయంలోనూ ఇదే న్యాయం: ఏకత్వమనే శబ్దం సమానమైనంత మాత్రాన అర్థం సమానమని పరీక్షకు ముందే నిర్ణయించరాదు.

పిదప అల్ గజాలీ (1058–1111). శ్రీరామానుజుల కాలం. ఆయన "తహాఫుత్ అల్ ఫలాసిఫా"లో తార్కికుల 20 సిద్ధాంతాలను ఖండించాడు. అందులో ప్రసిద్ధమైనది కార్యకారణభావ ఖండనం. నిప్పు తగిలినప్పుడు ప్రత్తి కాలడం కనిపిస్తుంది. నిప్పు వలననే కాలుతున్నదని కనిపించదు. కాల్చేది ఈశ్వరేచ్ఛయే, నిప్పుకూ దాహానికీ అవశ్యసంబంధం లేదు. వ్యాప్తిని శంకించిన చార్వాకుని పలుకులు దేవదత్తునికి తక్షణం స్ఫురించి ఉండాలి. చార్వాకుడు ఈశ్వరుని త్రోసివేయడానికి ఏ సంశయాన్ని వాడాడో, దాని వంటి సంశయాన్నే గజాలీ ఈశ్వరుని సర్వశక్తిని నిలపడానికి వాడాడు! శంకకు హద్దు ఎక్కడని ఉదయనుడు విచారించి, శంకించేవాని స్వప్రవృత్తితోనే విరోధం వచ్చేచోట అది ఆగవలసినదేనని నిర్ణయించాడు. ఆకలి తీరుతుందన్న నిశ్చయంతో అన్నం తినేవాడు కార్యకారణాన్ని నిరాకరించలేడు. ఇబ్న్ రుష్ద్ (1126–1198) సైతం కారణాన్ని నిరాకరిస్తే జ్ఞానమే నశిస్తుందని గజాలీకి బదులిచ్చాడు.

ఇచ్చటనే సాధకునికి ప్రాణప్రదమైన విషయమున్నది. కార్యకారణనియమం ఈశ్వరేచ్ఛ ముందు నిలువకపోతే కర్మఫలవ్యవస్థ ఏమవుతుంది? ఒకడు సుఖి, ఒకడు దుఃఖి కావడానికి ఇచ్ఛయే కారణమైతే ఈశ్వరునిపై పక్షపాతదోషం, నిర్దయాదోషం పడవా? బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయంలో వైషమ్యనైర్ఘృణ్య విచారణ ఇదే. ఈశ్వరుడు ప్రాణుల కర్మను అపేక్షించి ఫలమిస్తాడు గనుక ఆ దోషాలు అంటవని సిద్ధాంతం. ఈ సూత్రాన్ని దేవదత్తుడు ఎన్నిసార్లు చదివి ఉంటాడో! దాని ఎదుట బలవంతుడైన ప్రతివాది నిలిచినప్పుడే అది ఎంత భారం మోస్తున్నదో తెలుస్తుంది. ప్రతివాదిని ఇంటిలోనికి రానివ్వని సిద్ధాంతం కంఠస్థమై ఉండవచ్చు, హృదయస్థం కాదు.

ప్రతివాది నేర్పిన పాఠం

గజాలీ తత్త్వవేత్తలను ఖండించడానికి ముందు వారి మతాన్ని యథాతథంగా ఒక ప్రత్యేకగ్రంథంలో వివరించాడు. ఆ వివరణ ఎంత నిష్పక్షపాతంగా ఉన్నదంటే, దాని లాటిన్ అనువాదం మాత్రమే చదివిన ఐరోపా పండితులు అతడిని కూడా ఆ తత్త్వవేత్తల అనుయాయియే అనుకొన్నారు. ఒక శాస్త్రంలో దాని పండితులతో సమానంగా నిలిచినవాడే దాని దోషం చూపగలడని ఆయన మతం. కుమారిలుడూ ఈ మార్గంలోనే నడిచాడు. శత్రుసిద్ధాంతమని భయపడే చోటనే, స్వాచార్యుల పద్ధతిని ప్రతివాది పాటించి చూపాడు. ఆ పద్ధతిని విడిచినవారు నేటి ఆక్షేపకులు.

గ్రంథాలు దూరదేశంలో ఉన్నవన్న సాకు కూడా లేదు. హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఈ అరబీ గ్రంథాలనే ముద్రిస్తూ వచ్చింది. ఇబ్న్ రుష్ద్ ప్రబంధాలు 1947లో, అల్ బిరూనీ భారతవర్ణనం 1958లో అక్కడనే అచ్చయినవి. మోత్కూరు నుండి ఒక పూట ప్రయాణం. దూరం మార్గానిది కాదు, ఇచ్ఛది.

కనుక సత్సంగాలు దేవదత్తుని ఆపరాదు, సిద్ధపరచి పంపాలి. వెళ్ళేముందు తర్కసంగ్రహం, వచ్చిన తరువాత న్యాయకుసుమాంజలి. విన్నదానిని ముందు ప్రతివాది మెచ్చునట్లు చెప్పగలగాలి. ఆపైన దోషం చూపగలగాలి. చూపలేకపోతే ఇంకా చదవాలి. దీనికి మినహా సంప్రదాయరక్షణకు వేరొక మార్గం పూర్వాచార్యులు చూపలేదు.

ఆ రాత్రి గుడి అరుగు మీద కూర్చున్న పెద్దనాయన అడుగక మానడు: "ఏంరా, పట్నం పోయి ముసల్మానుల వేదాంతం విని వచ్చినవట, ఇగ మనది పాతదైపాయెనా?"

దేవదత్తుడు చెప్పవలసిన మాట ఒకటే: "లేదు పెద్దనాయనా. మనది నాకు ఎంత తక్కువ తెలుసో ఇయ్యాల తెలిసింది. రేపు పొద్దున ఆ సూత్రం మళ్ళ మొదటి నుంచి చెప్పుతవా?"

పెద్దనాయన వద్ద దానికి సమాధానం ఉంటే సంప్రదాయం జీవించి ఉన్నట్లు. లేకపోతే, లోపం ఉపన్యాసానికి వెళ్ళిన పిల్లవానిది కాదు.

శ్రీలక్ష్మీనృసింహార్పణమస్తు.