నేరం కోడిది కాదు

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నచోట ఇప్పటి గుంటల నెలసరి గురించి మాటొస్తే తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. బ్రాయిలర్ కోడి తింటున్నారు, పాకెట్ పాలు తాగుతున్నారు, అర్ధరాత్రి దాకా ఫోను వదలరు. అందుకే బొమ్మలాడుకునే వయసులో పెద్దమనుషులవుతున్నారు, అయ్యాక ముట్టు నెలనెలా రాదు, వస్తే ఆగదు. కాస్త చదువుకున్న ఇళ్ళలో ఇదే తీర్పు ‘హార్మోన్ల తేడా’ అన్న పేరుతో చెలామణీ అవుతోంది. మందు కూడా తీర్పుతోపాటే వస్తుంది: పెళ్ళి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయి. ఈ తీర్పు మొదలంటా తప్పని నా వాదన. నెలసరి మారడం లేదని నేననడం లేదు, మారుతోంది. కాని ‘హార్మోన్లు’ అన్నది ఒక రోగం పేరు కాదు. కారణం వెతికే పని అక్కడితో ఆపేయడానికి మనకు దొరికిన సాకు. ఆ సాకు ఖరీదు మొదట పిల్ల కడుతుంది, ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె గర్భసంచి కడుతుంది.

ముందు కోడి సంగతి. నలభై రోజుల్లో రెండు కిలోలు తూగే పక్షిని చూసి, దీనికేదో సూది వేసి ఉంటారని జనం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాని ఎదుగుదల హార్మోను ఒక మాంసకృత్తు. ఇన్సులిన్‌లాగే దాన్నీ మింగితే కడుపులో అరిగిపోతుంది. షుగరున్నవాళ్ళు ఇన్సులిన్‌ను మాత్రగా మింగక సూదిగా పొడుచుకునేది అందుకే. ఇక షెడ్డులో వేల కోళ్ళకు ఒక్కొక్కదాన్నీ పట్టుకుని రోజూ సూది పొడిస్తే ఆ రైతుకు కూలి డబ్బులు కూడా రావు. మరి కోడి అంత వేగంగా ఎలా పెరుగుతోంది? కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 1957 నాటి, 1978 నాటి, 2005 నాటి కోళ్ళ జాతుల్ని పక్కపక్కన పెట్టి ఒకే మేతతో పెంచి, ఫలితాన్ని 2014లో ప్రచురించారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగింది. మేత మారలేదు, జాతి మారింది. మన రైతు మేలైన వరి విత్తనాన్ని ఏరి ఏరి నిలుపుకున్నట్టే వాళ్ళు కోడిని ఏరారు. కోళ్ళ పెంపకంలో భయపడవలసిన విషయం ఉంది, అది యాంటీబయాటిక్స్ వాడకం. దాన్ని వదిలేసి లేని హార్మోను వెంటపడ్డాం.

త్వరగా పెద్దమనిషి కావడం కూడా బ్రాయిలర్ కోడితో మొదలైన కథ కాదు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ నార్వే, ఫిన్లాండు దేశాల్లో ఆడపిల్లలు పదహారు, పదిహేడేళ్ళకు గాని రజస్వల అయ్యేవాళ్ళు కారు. ఇరవయ్యో శతాబ్దం సగానికొచ్చేసరికి అది పదమూడుకు దిగింది. కడుపునిండా తిండి దొరికి, చిన్ననాటి జబ్బులు తగ్గాక వచ్చిన మార్పది. మన దేశంలో ఈ దిగుడు ఇంకా నెమ్మది: ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే లెక్కలతో చేసిన అధ్యయనంలో దశాబ్దానికి సుమారు ఒక నెల తేలింది. ఈమధ్య మార్పును చూపే గట్టి లెక్క అమెరికాది. 1950 నుంచి 2005 వరకు పుట్టిన 71,341 మందిని అడిగి 2024లో ప్రచురించిన అధ్యయనంలో రజస్వల వయసు సగటున 12.5 నుంచి 11.9కి దిగింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, మొదటి ముట్టు తర్వాత రెండేళ్ళలోపు నెలసరి కుదుటపడినవాళ్ళు 76 శాతం నుంచి 56 శాతానికి పడిపోయారు. వయసు తగ్గడంలో సుమారు సగం వాటా ఒంటి బరువుదని పరిశోధకులు తేల్చారు. మిగతా సగానికి కారణం ఇంకా వెతుకుతున్నారు. అంతమందిని అడిగినవాళ్ళే ఇంకా వెతుకుతుంటే, ఒక్కరినీ అడగని మనం కోడి దగ్గర ఆగిపోయాం.

ఇప్పుడు ‘హార్మోన్ల తేడా’ అన్న మాటకు వద్దాం. జ్వరం అన్న మాట ఎంత చెబుతుందో ఇదీ అంతే చెబుతుంది. జ్వరం మలేరియాది కావచ్చు, టైఫాయిడ్‌ది కావచ్చు. అలాగే నెలసరి తప్పడం వెనక థైరాయిడ్ మందగించడం ఉండొచ్చు, జనం నీటి బుడగలంటున్న పీసీఓఎస్ ఉండొచ్చు, ప్రొలాక్టిన్ పెరగడం ఉండొచ్చు, తిండి చాలక ఒళ్ళు చిక్కిపోవడం ఉండొచ్చు, పరీక్షల ఒత్తిడి ఉండొచ్చు. అసలు ఏ జబ్బూ ఉండకపోవచ్చు. రజస్వల అయిన మొదటి ఏడాది ముట్టు అటూ ఇటూ కావడం సహజం. ఒకటి నుంచి మూడేళ్ళ మధ్య 21 రోజులకన్నా ముందో, 45 రోజులు దాటాకో వస్తుంటే, మూడేళ్ళ తర్వాత 35 రోజులు దాటుతుంటే, మొదటి ఏడాది గడిచాక ఏ ఒక్కసారైనా 90 రోజులు రాకపోతే చూపించుకోవాలన్నది అంతర్జాతీయ వైద్య మార్గదర్శకం చెప్పే లెక్క. ఈ వయసు పిల్లలకు స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని తేల్చవద్దని 2023లో అదే మార్గదర్శకం స్పష్టంగా చెప్పింది. ఎదిగే వయసు అండాశయంలో బుడగలు కనిపించడం మామూలే కాబట్టి. మన రాష్ట్రంలోనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ళ 460 మంది ఆడపిల్లల్ని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో పీసీఓఎస్ లక్షణాలకు సరిపోయినవాళ్ళు 9.13 శాతం. నూటికి తొమ్మిది మందంటే చిన్న సంగతి కాదు. కాని మిగిలిన తొంభై ఒక్కమందికీ అదే ముద్ర వేయడం వైద్యం కాదు. ఇక్కడ రెండు తప్పులు ఒకేసారి జరుగుతున్నాయి: జబ్బున్న పిల్లని ‘ఈ వయసులో మామూలే’ అని పంపేస్తున్నారు, జబ్బు లేని పిల్లకి స్కానింగ్ తీసి బుడగలున్నాయని భయపెడుతున్నారు. ఎన్ని రోజులకు వస్తోంది, ఎన్నాళ్ళుంటోంది అన్న లెక్క లేకపోవడమే రెండింటికీ మూలం.

‘అయితే తిండికీ నిద్రకీ సంబంధమే లేదంటావా’ అని అడగొచ్చు. ఉంది. బరువు పెరిగినకొద్దీ ఇన్సులిన్ సరిగా పనిచేయదు, దాంతో అండం విడుదల గతి తప్పుతుంది. పీసీఓఎస్ ఉన్న పిల్లకి నడక, నిద్ర, పిండిపదార్థం తగ్గించిన భోజనం నిజంగా మేలు చేస్తాయి. కాని సలహా వేరు, నింద వేరు. మూడు పూటలా అన్నమే ప్రధానమైన పళ్ళెం పెట్టేది ఇల్లు. ఆట మైదానం లేని కాలేజీలో పన్నెండు గంటలు కూర్చోబెట్టేది మనం. పైగా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా మందికి రక్తమే చాలని చోట ‘ఎక్కువ తిని చెడిపోతున్నారు’ అన్నది అందరికీ అతికే మాట కాదు. ఇక పురుగుమందులు, ప్లాస్టిక్ మాటేమిటని మరో ప్రశ్న. వాటిలో కొన్ని రసాయనాలు హార్మోన్లలా నటిస్తాయన్నది శాస్త్రం కొట్టిపారేసిన మాట కాదు. ఆ అనుమానం నిజంగా ఉంటే రక్తం, నీరు పరీక్షించమని అడగాలి గాని, పిల్ల చేతిలో నూడుల్స్ పొట్లం లాక్కుని ఊరుకోకూడదు.

ఈ నమ్మకంలో ఒక వింత కూడా ఉంది. కోడిలో లేని హార్మోనుకు భయపడే ఇంట్లోనే, పైడితల్లమ్మ సిరిమాను పండక్కో, ఇంట్లో పెళ్ళికో ముట్టు అడ్డొస్తుందని మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొని పిల్లకి మింగిస్తారు. ఆ మాత్రలో ఉండే నోరెథిస్టిరోన్ అచ్చంగా హార్మోనే. డాక్టరు చూసి ఇస్తే అది మంచి మందు. ఎవరూ చూడకుండా వాడితే, ఆపాక వచ్చే స్రావాన్ని కూడా మళ్ళీ ‘హార్మోన్ల తేడా’ ఖాతాలోనే రాస్తాం. పెళ్ళి మందు ఇంకా అన్యాయం. పెళ్ళి థైరాయిడ్‌ను సరిచేయదు, రక్తం పెంచదు. నెలల తరబడి ముట్టు రాకపోతే గర్భసంచి లోపొర మందం కావచ్చు. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకు ముందుముందు షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. మూడు ముళ్ళకు వీటితో సంబంధం లేదు. ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. అలాంటి రాష్ట్రంలో ఈ సలహా అమాయకమైనది కాదు.

ఈ అలక్ష్యం చివరికి ఎక్కడ తేలుతుందో చూడండి. అదే సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.3 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. దేశం మొత్తంలో ఇదే ఎక్కువ. ఎందుకు తీయించుకున్నావంటే దేశమంతటా ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే: ఆగని రక్తస్రావం, నొప్పి. 2007 ఏప్రిల్ 1న పేదల ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ పథకం ఎన్నో గుండెల్ని నిలబెట్టింది. దాని నీడనే అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద రాష్ట్రమంతా గగ్గోలూ పుట్టింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి ఆపరేషన్లకు అడ్డుకట్ట వేసే మార్గదర్శకాలను అమలుచేయమని రాష్ట్రాలను ఆదేశించింది. అత్యాశ గల ఆసుపత్రుల్ని తిడితే సరిపోతుందా? పదిహేనో ఏట ‘మామూలే’ అన్నాం, ఇరవైలో ‘పెళ్ళయితే పోతుంది’ అన్నాం, పిల్లలు పుట్టాక ‘ఓర్చుకో’ అన్నాం. అంతకాలం మాత్రతోనో, చిన్న చికిత్సతోనో పోయే బాధను వెతకనివాళ్ళం, ముప్పై అయిదో ఏట పెద్దాపరేషన్ ఒక్కటే దారిగా మిగిల్చాం. కత్తి డాక్టరుది కావచ్చు, దారి వేసింది మాత్రం మన తీర్పే.

ఈ తీర్పు బదులు లెక్క రాద్దాం అంటాను నేను. ముట్టు తేదీలు రాయడమేమిటి, సిగ్గు కాదా అని కొందరంటారు. లెక్క రాయడం విలువేమిటో శ్రీకాకుళం జిల్లాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ జిల్లా ఉద్దానం ప్రాంతంలో జనం కిడ్నీలు పాడైనప్పుడు నీళ్ళని, మందులని, జన్యువులని ఎన్నో మాటలు పుట్టాయి. అసలు కారణం మీద నేటికీ వాదన నడుస్తూనే ఉంది. అయినా కవిటి, సోంపేట, కంచిలి ఊళ్ళలో రక్తం తీసి క్రియాటినిన్ చూశాకే జబ్బు ఎంతమందికుందో కంటికి కనబడింది. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరుచుకుంది. కారణం తేలకముందే లెక్క మేలు చేసింది. నెలసరికి అంత ఖర్చు కూడా అక్కర్లేదు. 2021 అక్టోబరులో స్వేచ్ఛ పథకం కింద ఏడు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలైంది. ప్యాడ్ చేతికిచ్చే టీచరమ్మ, పిల్ల తన తేదీని తనే రాసుకునే చిన్న కార్డు కూడా ఇస్తే చాలు. లెక్క తప్పినవాళ్ళకే బరువు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష; అవసరమైనవాళ్ళనే శ్రీకాకుళం రిమ్స్‌కో, విజయనగరం పెద్దాసుపత్రికో పంపడం. కార్డు పిల్ల దగ్గరే ఉంటుంది గనుక గుట్టు బయటపడదు. రెండేళ్ళు గడిచేసరికి, మన గుంటల నెలసరి నిజంగా ఎంత మారిందో చెప్పగల లెక్క మొదటిసారి మన చేతిలో ఉంటుంది. అది వచ్చేదాకా కోడిని కూరకు వదిలేద్దాం.