ప్రతిభకు తరగతి గదిలోనే ఆదరణ

ప్రతిభ గల గ్రామీణ విద్యార్థులకు మేలైన చదువు అందించాలన్న సంకల్పంతో 1971లో తెలంగాణలోని సర్వేల్ గ్రామంలో మొదలైన గురుకుల పాఠశాల, 1986 జాతీయ విద్యా విధానంతో దేశంలోని దాదాపు అన్ని రాష్ట్రాలకూ విస్తరించిన నవోదయ విద్యాలయాలు ఎందరి జీవితాలనో మలుపు తిప్పాయి. అయితే ప్రవేశ పరీక్షలో నెగ్గిన కొద్దిమందికే ఆ అవకాశం దక్కుతుండగా, అంతే చురుకైన పిల్లలు అనేకులు సాధారణ పాఠశాలల్లో గుర్తింపునకు నోచుకోకుండా మిగిలిపోతున్నారు.

పాఠాన్ని ముందే గ్రహించిన విద్యార్థికి అదే తరహా లెక్కలు మరికొన్ని ఇవ్వడం, లేదా తరగతిని అదుపు చేసే బాధ్యత అప్పగించడం ప్రోత్సాహం అనిపించుకోదు. ఇప్పటికే వచ్చిన అంశాలను చిన్న పరీక్షతో నిర్ధారించుకుని, వాటి పునశ్చరణను తగ్గించి, మిగిలిన సమయాన్ని లోతైన సమస్యలకు, స్వతంత్ర పరిశోధనకు కేటాయించే పాఠ్య సంక్షిప్తీకరణ పద్ధతి అటువంటి విద్యార్థికి నిజమైన తోడ్పాటు. 2020 జాతీయ విద్యా విధానం బి.ఎడ్.లో ప్రతిభావంతుల బోధనపై ప్రత్యేక అధ్యయనానికి అవకాశం సూచించడమే కాక, పాఠశాల, జిల్లా స్థాయిల్లో విషయాలవారీ క్లబ్బులను ప్రోత్సహించాలని చెప్పింది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ సూచనలను ఉపాధ్యాయ శిక్షణలో భాగం చేసి, మారుమూల బడికి సైతం చేర్చాలి; పేదరికం కారణంగా ఏ బిడ్డ ప్రతిభా మరుగున పడకూడదు.