మనసుకు తగిలిన గాయానికీ చికిత్స కావాలి



2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపలే చిక్కుకుపోయారు. జూన్ 30న పాశమైలారం మందుల కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. ఆ కుటుంబాల కోసం ప్రార్థించాము. అయితే ప్రాణాలతో బయటపడిన తోటి కార్మికుల గురించి ఎంతమందిమి ఆలోచించాము?

కాలిన ఒంటికి మందు రాస్తాము, విరిగిన ఎముకకు కట్టు కడతాము. మనసు సంగతి మాత్రం అడగము. నెల దాటినా నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, ప్రమాదం మళ్లీ కళ్లముందే జరుగుతున్నట్లుండడం, డ్యూటీ మాటెత్తితే చెమటలు పట్టడం పిరికితనం కాదు, అవిశ్వాసమూ కాదు. అవి జబ్బు లక్షణాలు. కొందరు నిద్ర కోసం తాగుడుకు అలవాటుపడతారు. ఇంటివారికి తాగుడే కనిపిస్తుంది గాని దాని వెనుకనున్న భయం కనిపించదు.

దీనికి చికిత్స ఉంది. ప్రమాదం జరిగిన కొత్తలో భద్రమైన చోటు, తిండి, నిద్ర, అయినవారి తోడు ముఖ్యం. జరిగినదంతా అప్పుడే చెప్పమని బలవంతపెట్టకూడదు. నెల దాటినా బాధ తగ్గకపోతే సైకాలజిస్టు వద్దకు తీసుకువెళ్లండి. సాధారణంగా 8 నుండి 12 సార్లు కూర్చోబెట్టి మాట్లాడుతూ, తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పుతారు.

ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దేవుడు ఆయనను గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు అందించాడు. సంగతులు తరువాత అడిగాడు. మన ప్రార్థన కూడికలలోనూ ఆ ఓర్పు కావాలి.

యజమాన్యాలకు ఒక మాట. హెల్మెట్టు, బూట్లు ఇచ్చినట్టే, ప్రమాదం చూసిన ప్రతి కార్మికునికి జీతం కోయకుండా కౌన్సెలింగ్ ఇప్పించాలి. కాంట్రాక్టు కార్మికుడిని కూడా వదలకూడదు. అక్కడ చెప్పుకున్న బాధ మేనేజరు చెవికి చేరకూడదు. పని పోతుందన్న భయముంటే ఎవరూ నోరు విప్పరు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతున్నది.

మీ ఇంట్లో ఇలాంటి వారుంటే మందలించకండి, పక్కన కూర్చోండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలిమానస్ సేవలో ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. వచ్చే ఆదివారం ఆరాధనకు రాని ఆ సోదరుని ఇంటికి ఒకరు వెళ్లి పలకరించి రండి.