తల్లిపాలకు తావేది?

మాతృస్తన్యమును అమృతముతో పోల్చని కవి లేడు. సభావేదికపై దానిని కొనియాడని నాయకుడు లేడు. ప్రతి సంవత్సరమును ఆగస్టు మొదటి వారమున తల్లిపాల వారోత్సవములు జరుగుచున్నవి. ఆసుపత్రి గోడలపై చిత్రపటములు వెలయుచున్నవి, ఉపన్యాసములు సాగుచున్నవి. కాని పురుటి సెలవు ముగించుకొని పనికి మరలివచ్చిన బాలింత, పాలు చేపుకు వచ్చి రవిక తడియుచుండగా, ఎచ్చటికి పోవలెనో చెప్పువారు మాత్రము లేరు. పెక్కు కార్యాలయములలో ఆమెకు తలుపు వేసికొనుటకు దొరకు చోటు మరుగుదొడ్డి యొక్కటియే. బిడ్డకు ఆహారము కావలసిన దానిని అచ్చట పిండి పారబోసి, కన్నులు తుడుచుకొని, మరల తన బల్లయొద్దకు వచ్చి కూర్చుండు స్త్రీ మన నగరములలో అరుదు కాదు. అమృతమని మనము పొగడుదానికి మనము చూపిన తావు అది. ఈ విషయమై పత్రికలు మౌనము వహించుట మర్యాద యనిపించుకొనదని మా యభిప్రాయము.

చనుబాలు కుండలో నిలువయున్న నీటివంటివి కావు, ఊటచెలమలోని నీటివంటివి. తోడినకొలది ఊరును, తోడకున్న ఇంకిపోవును. బిడ్డ కుడిచినపుడు తల్లి శరీరమున ప్రొలాక్టిన్ అను రసము పుట్టి పాలను ఊరించును. ఆక్సిటోసిన్ అను మరియొక రసము వానిని చేపునకు తెచ్చును. పాలు తీయక విడిచినచో రొమ్ములు గట్టిపడి, సలుపు కలిగి, ఒక్కొక్కప్పుడు జ్వరమును చీమును గూడ కలుగును. మరికొన్ని దినములకు ఊటయే తగ్గును. కావున ఉదయము తొమ్మిదింటికి ఇల్లు విడిచి సాయంకాలము ఆరింటికి చేరుకొను తల్లి, బిడ్డ ఇంటనున్నచో కుడిచెడు వేళలకే, అనగా రమారమి మూడేసి గంటల కొకమారు, పాలు పిండి తీయవలసియుండును. ఇది విలాసము కాదు, ఆమె దేహధర్మము.

ఇట్లు తీసిన పాలను భద్రపరచుట కష్టమైన విద్య కాదు. సబ్బుతో చేతులు కడుగుకొని, వేడినీట మరగించిన మూతగల పాత్రలోనికి చేతితోనే పిండవచ్చును. పంపు గలవారు పంపు వాడవచ్చును. ఇరువదియైదు డిగ్రీల వేడిమికి మించని గదిలో ఈ పాలు 4 గంటలు, ఫ్రిజ్జులో 4 దినములు, గడ్డకట్టించు శీతలపేటికలో 6 మాసములు చక్కగా నిలువయుండును. అయితే మన కోస్తా జిల్లాలలోను తెలంగాణములోను వేసవియందు వేడిమి నలువది డిగ్రీలు దాటుచుండుటచే, గదిలోని నాలుగు గంటల లెక్క మనకు చెల్లదు. మంచుగడ్డల సంచియైనను ఉండవలెను. పాత్రపై తేదీ వ్రాసి, ముందు తీసినవి ముందు వాడవలెను. గడ్డకట్టిన పాలను ఫ్రిజ్జులో కరగించినచో ఒక దినములోపల వాడవలెను; మరల గడ్డకట్టింపరాదు. పొయ్యిపై కాచరాదు, మైక్రోవేవ్ పొయ్యిలో ఉంచరాదు; వేడినీటి గిన్నెలో పాత్ర నుంచి గోరువెచ్చన చేసిన చాలును. త్రాగించుటకు సీసాకంటె మన తాతమ్మల ఉగ్గుగిన్నెయే మేలు. కడుగుట సులభము, శిశువు రొమ్ము మరచు భయమును తక్కువ.

ఇంటిలోని పెద్దలు కొందరు దీని కడ్డుచెప్పుచుందురు. పిండిన పాలు విషమగునని, దిష్టి తగులునని, పాలు తీసినచో తల్లికి తరిగిపోవునని వారి భయము. ఒకప్పుడు ముర్రుపాలను చెడ్డవని పిండి పారబోయించిన యాచారమునకు చెందిన భయమే ఇదియును. నిలువయుంచిన పాలపై మీగడ వేరై తేలుట సహజము. మెల్లగ కదిపినచో కలిసిపోవును, అది చెడుట కాదు. మరియొక ప్రక్క, ఇరుగుపొరుగుతో పోటీపడి శీతలపేటిక నిండ సంచులు పేర్చుకొనవలెనను క్రొత్త యాత్రము పట్టణములలో పుట్టుచున్నది. అవసరమునకు మించి తీసినకొలది ఊట అతిగా పెరిగి తల్లికే బాధ కలుగును. మరుసటి దినమునకు సరిపడు పాలు, దానిపై కొంత మిగులు ఉన్నచో పనికిపోవు తల్లి నిశ్చింతగా నుండవచ్చును. భయమును వలదు, పోటీయును వలదు.

తల్లికి తావు లేనిచోట ఎవరు ప్రవేశింతురో చరిత్ర చెప్పుచున్నది. 1939లో సింగపూరున సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు, డబ్బాపాల ప్రచారమువలన పసికందులు మరణించుటను హత్యతో సమానముగా నెంచి బహిరంగముగ నిందించెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసభ డబ్బాపాల విక్రయముపై నియమావళి నంగీకరించెను. వ్యతిరేకముగ వోటు వేసిన రాజ్యము అమెరికా యొక్కటియే. మన దేశము 1992లో చట్టము చేసి, శిశువుల డబ్బాపాలకు ప్రకటనలను నిషేధించెను. ఇది మనము గర్వింపదగిన చట్టము. కాని అంగడిలో ప్రకటన నిషేధించి, పనిచోట తల్లిపాలకు చోటు నిరాకరించినచో ఫలమేమి? ప్రకటన చేయజాలని పనిని నిరాకరణము చేసిపెట్టును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, ఆరు మాసముల లోపు శిశువులలో తల్లిపాలు మాత్రమే త్రాగువారు నూటికి 63.7 మంది యని తేలినది. మిగిలినవారిని గూర్చి తల్లులను నిందించుట సులభము. వారి దినచర్యను విచారించుట న్యాయము.

ప్రసూతి రక్షణము ఈ దేశమునకు క్రొత్త కాదు. 1928లో బొంబాయి శాసనసభలో ప్రసూతి సహాయ బిల్లు చర్చకు వచ్చినపుడు డాక్టరు అంబేద్కరు దానిని బలపరచి, ఇది జాతి క్షేమమునకు సంబంధించిన విషయమని వాదించెను. 1929లో అది చట్టమయ్యెను. 1934 నాటి మద్రాసు చట్టము ఆంధ్ర జిల్లాలకును వర్తించెను. స్వతంత్ర భారతమున 1961లో అఖిల భారత చట్టము వచ్చెను. 2017 సవరణముచే మొదటి ఇద్దరు బిడ్డలకును సెలవు 26 వారములయ్యెను; 50 మందియు అంతకు మించియు పనిచేయు సంస్థలలో శిశుసంరక్షణ శాల యుండవలెననియు, తల్లి దినమునకు నాలుగుమారు లచ్చటికి పోవచ్చుననియు నిబంధన యేర్పడెను. బిడ్డకు పదునైదు మాసములు నిండువరకు పాలిచ్చుటకు రెండు విరామములు పూర్వమునుండియు గలవు. ఈ హక్కులన్నియు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరి, 2025 నవంబరునుండి ఆ స్మృతి యమలులోనికి వచ్చినది.

ఇంతవరకు బాగు. కాని ఈ నిబంధనలన్నియు బిడ్డ తల్లి చెంతనే యున్నదని భావించి వ్రాసినవి. హైదరాబాదులో రెండు బస్సులు మారి, గంటన్నర ప్రయాణించి పనికి వచ్చు తల్లి, నెలల బిడ్డను ఆ రద్దీలో ఎట్లు వెంట దెచ్చును? బిడ్డ ఇంటిలో అమ్మమ్మయొద్ద నున్నపుడు ఆ రెండు విరామములు ఎందులకు? పాలు పిండుకొనుటకు వాని నుపయోగింపవచ్చునని చట్టములో స్పష్టమైన మాట లేదు. అందుకు గది యుండవలెనని లేదు. పాలు నిలువయుంచుటకు శీతలపేటిక యుండవలెనని లేదు. యాభైమందికి లోబడిన దుకాణములు, పాఠశాలలు, చిన్న ఆసుపత్రులు ఈ శాలల నిబంధనకే లోబడవు. అమెరికాలో దీనికి తలక్రిందుగ నున్నది. అచ్చట 2010 చట్టమును, దానిని విస్తరించిన 2022 చట్టమును, పాలు పిండుకొనుటకు విరామమును, మరుగుదొడ్డి కాని మాటుగల చోటును యజమాని చూపవలెనని విధించినవి. కాని దేశమంతటికి వర్తించు వేతనముతోడి ప్రసూతి సెలవు అచ్చట లేదు. వారికి గది గలదు, సెలవు లేదు. మనకు సెలవు గలదు, గది లేదు. తల్లికి రెండును కావలెను.

ఈ మాట మేము గట్టిగ నొక్కి చెప్పుచున్నాము. పంపు సెలవునకు ప్రత్యామ్నాయము కాదు. యంత్రము ఇచ్చితిమి కావున త్వరగా పనికి రమ్మని యజమాను లనుటకు ఆస్కార మీయరాదు. ఆరు మాసములవరకు తల్లిపాలు మాత్రమే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. 26 వారముల సెలవు దానికి సరిపోవునట్లు కనబడును గాని, అందులో ఎనిమిది వారములవరకు ప్రసవమునకు పూర్వమే వాడుకొనిన తల్లికి మిగులునది నాలుగు మాసములకు కొంచెము పైమాట మాత్రమే.

ఇక ఈ చట్టములన్నిటికి వెలుపల నున్న తల్లుల మాట. గుంటూరు సీమలో మిరపకాయలు కోయు కూలికిని, ఆదిలాబాదు చేలలో ప్రత్తి తీయు కూలికిని సెలవును లేదు, గదియును లేదు. పంపు, ఫ్రిజ్జు అను మాటలు ఆమెకు హాస్యము. మాతృవందన పథకముక్రింద తొలిచూలునకు లభించు 5000 రూపాయలు ఎన్ని దినముల కూలికి సరిపోవునో లెక్క వేసికొనవచ్చును. ఆమెకు సాయపడునది చేతితో పాలు పిండు విద్య, శుభ్రమైన మూతగిన్నె, ఇంటికి దగ్గరలో అంగన్వాడీ, పొలము గట్టున నీడ. ఆశా కార్యకర్తలు ఈ విద్యను ప్రతి పురిటింట నేర్పవచ్చును; దానికి కావలసినది ధనము కాదు, శ్రద్ధ.

మిగులు పాలు గల తల్లులు మరియొక పుణ్యకార్యము చేయవచ్చును. నెల తక్కువ శిశువులకు తల్లి పాలు వెంటనే లభింపనపుడు దానమిచ్చిన స్తన్యమే ప్రాణాధారము. డబ్బాపాలవలన వారి లేత ప్రేగులకు ప్రాణాంతక వ్యాధి సోకు భయము హెచ్చు. ఆసియాలో మొదటి స్తన్యనిధిని 1989లో బొంబాయి సయాన్ ఆసుపత్రిలో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజ్ స్థాపించెను. హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రిలోను ఇట్టి నిధి గలదు. దాతలకు రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీలవద్ద అరగంట వేడిచేసి, క్రిముల పరీక్షానంతరము గడ్డకట్టించి యుంచుదురు. ఈ పాలను సరకుచేసి యమ్మరాదని 2024లో ఆహార ప్రమాణముల సంస్థ స్పష్టపరచెను. అది యుక్తమే. కడుపేద తల్లి తన బిడ్డ నోటిది తీసి యమ్ముకొను దుర్గతి మనకు రాకూడదు. ఒక తల్లి దానము మరియొక తల్లి బిడ్డను నిలుపవలెను గాని, వర్తకుని తక్కెడ నడుమ రాకూడదు.

కావున మేము కోరున దిది. విరామములు పాలు పిండుకొనుటకును వర్తించునని రెండు తెలుగు ప్రభుత్వములును తమ నియమావళులలో స్పష్టపరచవలెను. ఎంత చిన్న సంస్థయైనను, గడియగల తలుపు, కుర్చీ, నీళ్లు, శీతలపేటిక గల చిన్న గది యొకటి చూపవలెను. ముందుగ ప్రభుత్వ కార్యాలయములే ఆదర్శము చూపవలెను. కలెక్టరు కచ్చేరీలో లేనిదానిని దుకాణదారు నడుగుట తగదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలోను స్తన్యనిధి నెలకొల్పవలెను.

ఒక చిన్న గదికి అగు వ్యయమెంత? ఒక మంత్రి స్వాగతమునకు కట్టు తోరణముల ఖర్చుకంటె ఎక్కువ కాజాలదు. రేపటి పౌరుడు ఈనాడు ఉగ్గుగిన్నెకై ఎదురుచూచుచున్నాడు. వాని యాహారము పనిచోటి తూములో కలియుచుండగా, జాతి నిర్మాణమును గూర్చి మన మెట్లు ప్రసంగింతుము? వచ్చు ఆగస్టు వారోత్సవము నాటికి ఉపన్యాసములు కొన్ని తగ్గినను, తలుపులు గల గదులు కొన్ని హెచ్చు గాక!