పసుపు బోర్డు – పదవుల పందేరము

జాతీయ పసుపు బోర్డు ఎవరి దయాదాక్షిణ్యము వలనను వచ్చినది కాదు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల రైతు రోడ్డెక్కి, పిదప ఓటునే ఆయుధముగా జేసికొని, సాధించుకొన్నది. అట్టి సంస్థయు పార్టీలవారి పదవుల పందేరములో చేరిపోవుట న్యాయమా యని మేము ప్రశ్నించుచున్నాము.

2019 ఫిబ్రవరిలో రైతులు ఆర్మూరు వద్ద జాతీయ రహదారిపై బైఠాయించి, పసుపునకు క్వింటాలు 1కి 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ధర యిప్పింపుడని కోరిరి. ఆ మొర అరణ్యరోదనమయ్యెను. అంతట ఏప్రిలు నెల లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 178 మంది రైతులు అభ్యర్థులుగా నిలిచిరి. మొత్తము 185 మంది పోటీదారులగుటచే, ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 ఓటింగు యంత్రములు అమర్చవలసివచ్చెను. భారతీయ జనతాపార్టీ పక్షమున గెలిచిన ధర్మపురి అరవింద్‌గారు, ఐదు దినములలో బోర్డు తెచ్చెదనని బాండు కాగితముపై వ్రాసియిచ్చియుండిరి. ఆ ఐదు దినములు నాలుగేండ్లు దాటినవి. 2023 అక్టోబరు 1న ప్రధాని మోదీగారు మహబూబ్‌నగరులో బోర్డును ప్రకటించిరి. 2025 జనవరి 14న అది ప్రారంభమయ్యెను. జూను 29న నిజామాబాదులో కార్యాలయము తెరువబడెను.

తొలి అధ్యక్షులుగా కేంద్రము నియమించినది పల్లె గంగారెడ్డిగారిని. వారు ఆర్మూరు చెంతనున్న అంకాపూరువారు. పాలకపక్షపు జిల్లా నాయకులు. వ్యక్తిగతముగా వారియెడ మాకెట్టి ఆక్షేపణయు లేదు. మా ఆక్షేపణ పద్ధతిపైననే. సుగంధద్రవ్యముల బోర్డునకు 1986లో పార్లమెంటు చేసిన చట్టము ఆధారము. పసుపు బోర్డునకు ప్రభుత్వ నోటిఫికేషనే ఆధారము. అందు రైతు ప్రతినిధులకు చోటున్నది గాని, వారిని ఎన్నుకొను హక్కు రైతులకు లేదు. 2022–23లో దేశమున 11.61 లక్షల టన్నుల పసుపు పండినది. ప్రపంచపు పంటలో నాల్గింట మూడుపాళ్లకు పైగా మనదే. ఇంతటి పంట మేలు చూడవలసిన పీఠము పాలకుల యిచ్ఛపై ఆధారపడియుండుట క్షేమము కాదు.

ఈ దోషము ఢిల్లీవారికి మాత్రమే చెందినది కాదు. తెలంగాణలో ప్రభుత్వము మారినంతనే, 2023 డిసెంబరులో 54 కార్పొరేషన్ల అధ్యక్షుల నియామకములు రద్దయ్యెను. పాతవారు పోయిరి, పద్ధతి పోలేదు. లోక్‌సభ ఎన్నికల ప్రకటనకు ముందు దినమగు 2024 మార్చి 15వ తేదీతో కొత్త ప్రభుత్వము 37 మందికి అధ్యక్ష పదవులు పంచిపెట్టెను. మనుష్యులు మారిరి గాని విస్తరి యదియే, వడ్డన యదియే.

దీని ఫలమేమో తెలిసికొనుటకు ఆర్మూరు దాటి పోనక్కరలేదు. ఆ పట్టణమున ఆర్.టి.సి. స్థలమును కౌలునకు గొని కట్టిన వాణిజ్యభవనము ఒక మాజీ శాసనసభ్యుని కుటుంబ సంస్థ చేతిలో నుండగా, కోట్ల బకాయి చెల్లింపుమని 2023 డిసెంబరులో, అనగా ప్రభుత్వము మారిన పిమ్మట, నోటీసులు వెడలినవి. వివాదము హైకోర్టున కెక్కినది. తప్పొప్పులు న్యాయస్థానమే తేల్చవలెను. మేము తీర్పు చెప్పజాలము. కాని 2021లో ఆర్.టి.సి. అధ్యక్షులుగా నియమింపబడినవారు అదే జిల్లాకు, అదే పార్టీకి చెందిన శాసనసభ్యులు. బాకీ రాబట్టవలసినవారును, బాకీ పడినవారును ఒకే పంక్తిని కూర్చున్నప్పుడు, ఎవరెంత నిర్దోషులైనను ప్రజలకు సందేహము కలుగక మానదు. పదవిని పార్టీ యిచ్చినప్పుడు లోకము దానిని పార్టీ సొత్తుగానే చూచును.

పసుపు తొమ్మిది మాసముల పంట. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, నిజామాబాదు యార్డునకు చేర్చిన రైతునకు కాటా యొద్దను, ధర యొద్దను తన పక్షమున మాటాడు మనిషి కావలెను. ఆ యార్డును నడుపు మార్కెటు కమిటీని సైతము 1966 నాటి చట్టము క్రింద ప్రభుత్వమే నియమించుచున్నది. కావున పసుపు బోర్డునకు పార్లమెంటు చట్టము కావలెను. బోర్డునందును, మార్కెటు కమిటీలందును రైతు ప్రతినిధులను రైతులే ఎన్నుకొనవలెను. అధ్యక్ష పదవికి కావలసిన అర్హతలు ముందుగా ప్రకటింపబడవలెను. 178 మందిని ఎన్నికలలో నిలుపగలిగిన రైతులకు, తమ ప్రతినిధులను ఎన్నుకొను యోగ్యత లేదని ఏ పాలకుడనగలడు?