సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ వేషాల జాతర కాదు

హైదరాబాద్‌లో కామిక్ కాన్ జరిగిన మర్నాడు పత్రికల్లో మనకు కనిపించేవి ఫొటోలే. స్పైడర్‌మ్యాన్ ముసుగు, నీలం విగ్గు, అట్టతో చేసిన కవచం, కింద యువత సందడి అంటూ ఒక వాక్యం. వాటిని చూసి మన సాహిత్యకారుల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అభిమానుల సమావేశాలంటే ఎదగని పిల్లల వేషాలనీ, బొమ్మలమ్ముకునే సంత అనీ, సాహిత్యంతో వాటికి సంబంధం లేదనీ. ఈ అభిప్రాయం తప్పు. దీనివల్ల నష్టపోతున్నది కూడా మనమే.

కామిక్ కాన్ ఒక వ్యాపార సంస్థ నడిపే ప్రదర్శన. టికెట్ కొని లోపలికి వెళ్లినవాళ్లు అక్కడ ప్రేక్షకులు. అభిమానులే నడుపుకునే కన్వెన్షన్ దారి వేరు. అలాంటివాటిలో అన్నిటికన్నా పేరున్నది వరల్డ్‌కాన్. 1939 జులైలో న్యూయార్క్‌లో సుమారు 200 మందితో మొదలైంది. యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా ఆగి, ఆ తర్వాత ఏటా జరుగుతోంది. దానికి యజమాని లేడు. ఏ ఊళ్లో జరపాలో సభ్యులే ఓటు వేసి తేలుస్తారు. కమిటీ అధ్యక్షుల నుంచి కుర్చీలు సర్దేవాళ్ల దాకా అందరూ జీతం లేకుండా పనిచేస్తారు. ప్రత్యేక అతిథులను మినహాయిస్తే, వేదికెక్కి మాట్లాడే రచయితలు కూడా సభ్యత్వ రుసుము కట్టే రావాలి. ఖర్చులు పోను మిగిలితేనే అది వాళ్లకు తిరిగొస్తుంది. నియమావళి మార్చాలంటే సభ్యులు కూర్చుని, వాదించుకుని, ఓటెయ్యాలి. ఆ మార్పును మరుసటి ఏడాది సభ కూడా ఒప్పుకోవాలి. పాఠకులు తమ కోసం తాము కట్టుకుని, ఎనభై ఏళ్లకు పైగా నిలబెట్టుకున్న సంస్థ ఇది. మన సాహిత్య సంస్థల్లో ఎన్నింటికి ఇంత ప్రజాస్వామ్యం ఉంది?

ఇక ప్యానెళ్లు. అయిదు రోజుల వరల్డ్‌కాన్‌లో పొద్దుటి నుంచి రాత్రి దాకా, ఒకే సమయంలో అనేక గదుల్లో ఇవి నడుస్తూ ఉంటాయి. ఒక్కో గదిలో నలుగురైదుగురు వక్తలు, ఒక మోడరేటర్, గంటో అంతకన్నా తక్కువో సమయం. నవలాకారిణి పక్కన ఖగోళ శాస్త్రవేత్త కూర్చోవచ్చు, వాళ్ల పక్కన ఏ పుస్తకమూ రాయని, వందల పుస్తకాలు చదివిన లైబ్రేరియన్ కూర్చోవచ్చు. గాలి లేని గ్రహం మీద తిండి ఎక్కడి నుంచి వస్తుంది, మంత్రశక్తి ఉన్న రాజ్యంలో కూలివాడి బతుకు ఎలా ఉంటుంది, అనువాదంలో ఊహాలోకపు పేర్లను ఏం చెయ్యాలి, ఇలా సాగుతుంది మాట. ఎవరి ఉపన్యాసం వాళ్లు చదివేసి దిగిపోతే కుదరదు. పక్కవాళ్ల మాటకు అక్కడికక్కడే బదులు చెప్పాలి. చివర్లో మైకు సభలోకి వెళ్తుంది. మీ మూడో అధ్యాయంలో లెక్క తప్పింది అని ఒక విద్యార్థి లేచి అంటే రచయిత సమాధానం చెప్పుకోవాల్సిందే.

శాలువాలు, పరిచయాలు, అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి గంటసేపు ప్రసంగం, వందన సమర్పణ. ఇదీ మన సభల పద్ధతి. పాఠకుడు నోరు విప్పకుండానే ఇంటికి పోతాడు. ఈ రెండింటిలో ఏది సాహిత్య సభ అని ఎవరైనా నన్నడిగితే, జవాబుకు నేను క్షణం కూడా తడుముకోను.

విస్కాన్ సంగతి చెప్పకపోతే ఈ వాదన సగమే అవుతుంది. అమెరికాలోని మాడిసన్‌లో 1977లో మొదలైన స్త్రీవాద సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ అది. ప్యానెల్‌కు అంశం ఎవరైనా సూచించవచ్చు, అందులో కూర్చుంటామని ఎవరైనా ముందుకు రావచ్చు. 1991లో అక్కడి వేదిక మీది నుంచే రచయిత్రి ప్యాట్ మర్ఫీ ఒక పురస్కారాన్ని ప్రకటించారు. స్త్రీపురుష భేదాన్ని కొత్తగా ఆలోచింపజేసే రచనలకు ఇచ్చే ఆ పురస్కారానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? కన్వెన్షన్లలో అభిమానులు కేకులు, బిస్కెట్లు చేసి అమ్మగా వచ్చింది. వీళ్లనా మనం లోకం పట్టనివాళ్లు అంటున్నది? 1976లో కాన్సస్ సిటీ వరల్డ్‌కాన్‌కు గౌరవ అతిథిగా వచ్చిన సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ హైన్‌లైన్ అక్కడ రక్తదానాన్ని ముందుకు తెచ్చాడు. అరుదైన గ్రూపు రక్తం ఎక్కించుకుని బతికి బయటపడిన మనిషి ఆయన. ఆ తర్వాత ఎన్నో కన్వెన్షన్లలో రక్తదాన శిబిరం ఆనవాయితీ అయింది.

వేషాల గురించి కూడా తప్పించుకోకుండా మాట్లాడతాను. 1939 తొలి వరల్డ్‌కాన్‌కే ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే అభిమానులు భవిష్యత్ కాలపు దుస్తుల్లో వచ్చారు. ఆ దుస్తులు కుట్టింది డగ్లసే. కన్వెన్షన్లలో జరిగే మాస్కరేడ్ అనే వేషాల పోటీలో కొత్తవాళ్లకు, చెయ్యి తిరిగినవాళ్లకు విడివిడి విభాగాలుంటాయి. రంగస్థలం మీద ప్రదర్శనకు ఒక తీర్పు, తెర వెనక కుట్టునూ అతుకునూ పరీక్షించి పనితనానికి మరో తీర్పు. సురభి నాటకాల్లో ఘటోత్కచుడి కిరీటానికి, గదకు చేతులెత్తి మొక్కిన జాతి మనది. ఊహలోని మనిషికి బట్ట కుట్టి నిలబెట్టడం సురభి వేదిక మీద కళ అయితే ఇక్కడ చిన్నతనం ఎలా అయింది?

ఈ అభిమానుల్లో లోపాలు లేవని నేననను. వరల్డ్‌కాన్ సభ్యుల ఓటుతో ఇచ్చే హ్యూగో బహుమతులు 1953లో మొదలయ్యాయి. 2023లో చైనాలోని చెంగ్డూ సభలో ఆర్.ఎఫ్. క్వాంగ్ నవల ‘బేబెల్’ సహా కొన్నింటిని కారణం చెప్పకుండా అనర్హమన్నారు. అది ఘోరం. దాన్ని బయటపెట్టింది ఎవరు? అభిమానులే. అంకెలు పరిశీలించారు, నిర్వాహకుల మధ్య నడిచిన ఈమెయిళ్లు సంపాదించి అందరి ముందూ పెట్టారు. మరుసటి ఏడాది గ్లాస్గో నిర్వాహకులు అనుమానం ఉన్న 377 ఓట్లను రద్దు చేసి, ఎందుకు చేశారో ఫలితాలకు ముందే ప్రకటించారు. బహుమతి వెనక ఏం జరిగిందో పాఠకులు నిలదీస్తే నిర్వాహకులు లెక్క అప్పజెప్పిన సందర్భం మన దగ్గర ఒక్కటి చూపించండి.

మనకు నష్టం అని ఊరికే అనలేదు. ‘ఆదిత్య 369’ను తరాలుగా ప్రేమిస్తున్నాం, ‘కల్కి 2898 ఏడీ’కి థియేటర్లు నింపాం. ఆ ప్రేక్షకుల్లో రాయగలిగినవాళ్లు, గట్టిగా వాదించగలిగినవాళ్లు ఉన్నారు. వాళ్లు కలుసుకునే గది మాత్రం లేదు. వేషాలని నవ్వి మనమే ఆ తలుపు మూశాం. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల నిర్వాహకులకు నా విన్నపం ఇది. వచ్చే ఏడాది ఒక మధ్యాహ్నం తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు, ఫాంటసీకి కేటాయించండి. వేదిక మీద ఇద్దరు రచయితలను, ఒక శాస్త్రవేత్తను, ఇద్దరు పాఠకులను కూర్చోబెట్టండి. శాలువాలు వద్దు. చివరి అరగంట మైకు సభకు ఇవ్వండి. వేషం వేసుకుని వచ్చిన పిల్లలుంటే వాళ్లకు ముందు వరసలో కుర్చీ వేసి, మొదటి ప్రశ్న వాళ్లనే అడగనివ్వండి.