నెలల తరబడి ఆడు కథ

1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' బల్లచుట్టు కూర్చుండి, పాచికలు వేయుచు, మాటలతో కథ నడుపు ఆట. దానికై అచ్చైన దీర్ఘ సాహసగాథను ఎన్నుకొనుటకు ప్రఖ్యాతి యొక్కటే చాలదు. 2016 నాటి 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' ప్రశస్తమైనదే. చీట్ల జోస్యమును బట్టి నిధులుండు తావులు మారుట ముచ్చటైన కల్పన. కాని పొగమంచు కమ్మిన ఆ రక్తపిశాచి రాజ్యమునుండి పాత్రలు వెలుపలికి పోజాలవు. నవ్వుకొనుటకు కూడిన మిత్రులను నెలల తరబడి ఆ చీకటిలో బంధించుట న్యాయమా? ఒక్కొక్కరే వచ్చుట మానుకొందురు; కథ సగములో నిలిచిపోవును. అడవులలో తిరుగగోరువారికి 2017 నాటి 'టూమ్ ఆఫ్ అనైహిలేషన్' కలదు. అందును మృత్యుశాపము తొందరపెట్టుచునే యుండును. కనుక నిర్వాహకుడు గ్రంథము కొనుటకు ముందే, కథ బయటపెట్టకయే (తెలిసిపోయినచో ఇక ఆట యేమున్నది?), భయానకము కావలెనా, అద్భుతము కావలెనా యని ఆటగాండ్రనే అడుగవలెను.